మైకు నుంచి కంప్యూటర్ దాకా

గొలుగొండ,
డిసెంబరు 14

చిరంజీవి బుజ్జికి,

నీ ఉత్తరం అందింది. సంక్రాంతికి గిటారు, లాప్‌టాప్ పట్టుకొస్తాననీ, మీ అమ్మమ్మ చేత ఊడ్పుల పాటలు, అప్పగింతల పాటలు పాడించి ఇంట్లోనే రికార్డు చేస్తాననీ రాశావు. చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. మైకూ గిటారూ తిన్నగా లాప్‌టాప్‌కే గుచ్చేస్తే పోదా, మధ్యలో వేరే పెట్టె దేనికని అడిగావు. నర్సీపట్నంలో ఇన్నేళ్లు మైకు సెట్లు నడిపినవాణ్ణి కనక ఈ ప్రశ్నకి జవాబు వివరంగానే రాస్తాను.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకో. చెరువు మదుం దగ్గర కలిసిన మురికి చివరి మడి దాకా పోతుంది. రికార్డింగూ అంతే. గదిలో, మైకులో, మొదటి తీగలో చెడిన శబ్దాన్ని తరవాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచెయ్యలేదు. అందుకే డబ్బూ ఓపికా మొదట్లోనే ఖర్చు పెట్టాలి.

మైకు ఇచ్చే కరెంటు చాలా బలహీనం, కొద్ది మిల్లీవోల్టులు. రికార్డింగుకి అది ఇంచుమించు ఒక వోల్టు దాకా పెరగాలి. అంటే వందల రెట్లు పెంచాలి. పెంచేటప్పుడు దాంతోపాటు రొద కూడా పెరుగుతుంది. లాప్‌టాప్ పక్కనుండే సన్న ఈపీ పిన్ను కన్నం ఫోనుల్లో వాడే హెడ్‌సెట్ మైకు కోసం పెట్టింది. దాని వెనకున్న ఆంప్లిఫయర్ చాలా చిన్నది, పైగా ప్రాసెసర్, ఫ్యాను, ఛార్జింగు సర్క్యూట్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. వాటి గురగుర అంతా మీ అమ్మమ్మ గొంతులో కలుస్తుంది.

గిటారు సంగతి వేరు. తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్ నుంచి వచ్చే సిగ్నల్ మైకు కంటే బలమైనదే. కానీ ఎదుటి పెట్టె తన నుంచి కరెంటు లాగేస్తే తట్టుకోలేదు. దాన్ని అందుకునే ద్వారానికి పది లక్షల ఓముల దాకా నిరోధం ఉండాలి. లాప్‌టాప్ మైకు కన్నంలో ఉండేది కొన్ని వేల ఓములే. అందులో గుచ్చితే కాయిల్ పికప్ అయితే పై స్వరాల మెరుపు పోతుంది, పియెజో పికప్ అయితే మంద్రం పోతుంది. తీగలు కొత్తవే అయినా గిటారు మూగబోయినట్టు వినిపిస్తుంది.

మైకు సిగ్నల్‌ని శుభ్రంగా పెంచడం, గిటారుకి తగ్గ నిరోధం ఇవ్వడం, ఈ రెండు పనులూ చేసే పెట్టెనే ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. షాపుల్లో సౌండ్ కార్డు అని అడిగినా ఇస్తారు. యూఎస్‌బీ వైరుతో లాప్‌టాప్‌కి కలుస్తుంది. రెండు మైకు దారులున్నదే తీసుకో. ముందు కన్నం ఎక్స్‌ఎల్‌ఆర్ మూడు పిన్నుల మైకు వైరునీ, పి-38 లావు పిన్నునీ రెండిటినీ పట్టేలా ఉంటుంది. పికప్ ఉన్న గిటారు గుచ్చినప్పుడు పక్కనున్న ‘ఇన్‌స్ట్’ బటన్ నొక్కడం మరవకు. పది లక్షల ఓములు దొరికేది అక్కడే.

మూడు పిన్నుల వైరు ఎందుకంటావా? అందులో ఒకే శబ్దం రెండు తీగల మీద ఒకదానికొకటి ఎదురుగా నడుస్తుంది. దారిలో పట్టుకున్న రొద మాత్రం రెండిటిలోనూ ఒకేలా చేరుతుంది. చివర్లో పెట్టె ఆ రెండిటి తేడా తీసుకుంటే రొద పోయి శబ్దం మిగులుతుంది. రాత్రంతా ఆడే పౌరాణిక నాటకాలకి స్టేజీ నుంచి ఎంతో దూరం మైకు వైర్లు లాగగలిగామంటే ఆ కిటుకు వల్లనే. గిటారు వైరుకి ఈ రక్షణ లేదు. కాబట్టి అయిదారు మీటర్లకి మించినది కొనకు.

ఇక మైకు. రెండు రకాల్లో కండెన్సర్ మైకు సున్నితమైనది. అది పనిచెయ్యడానికి ఇంటర్‌ఫేస్ 48 వోల్టులు పంపాలి. వైరు గుచ్చాకే ఆ స్విచ్ వెయ్యి, తీసేముందు ఆపు. లాప్‌టాప్ కన్నం నుంచి ఆ వోల్టేజీ రాదు. డైనమిక్ మైకుకి ఏ కరెంటూ అక్కర్లేదు. షూర్ వాళ్ల ఎస్‌ఎమ్58 మైకు 1966 నుంచీ ఉంది, స్టేజీల మీద ఇప్పటికీ అదే కనిపిస్తుంది. మన ఇంటికి డైనమిక్ మైకే మేలు. కండెన్సర్ పెడితే వీధిలో ఆటో, పెరట్లో కోడి, గుడి మైకు అన్నీ అమ్మమ్మతో సమానంగా రికార్డవుతాయి. డైనమిక్ మైకుని నోటికి జానెడు దూరంలో కాస్త పక్కగా పెడితే దగ్గరి గొంతునే ఎక్కువగా తీసుకుంటుంది.

నీ గిటారుకి ఇంకా పికప్ లేదని కూడా రాశావు, దానికి దిగులు పడకు. రెండో మైకుని మెడ వచ్చి ఒంటికి కలిసే చోటికి గురిపెట్టి మూరెడు లోపు దూరంలో ఉంచు. మధ్యలో ఉన్న గుండ్రటి కన్నానికి ఎదురుగా పెడితే బుంగలో మాట్లాడినట్టు మోగుతుంది. తరవాత పికప్ పెట్టించుకోవాలనిపిస్తే మాండలిన్ శ్రీనివాస్ కచేరీలు విను. పాలకొల్లులో 1969లో పుట్టిన ఆయన అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. మామూలు మాండలిన్‌లో మీటిన వెంటనే స్వరం కుంగిపోతుంది. పికప్, ఆంప్లిఫయర్ తోడైతే స్వరం నిలుస్తుంది, గమకం పలుకుతుంది. మన సంగీతానికి జాక్ పిన్ను పరాయిది కాదని ఆయన చూపించాడు.

ఇంటర్‌ఫేస్ మీద సిగ్నల్‌ని పెంచే గెయిన్ మీట తిప్పేటప్పుడు అమ్మమ్మని పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే చోటు పాడమను. అప్పుడు మీటరు మైనస్ 12 దగ్గర ఆగాలి. సున్నా దాటిందంటే డిజిటల్‌లో శబ్దం తల తెగిపోతుంది, మళ్లీ అతకదు. 24 బిట్‌లో రికార్డు చేస్తే కాస్త తక్కువగా ఉన్నా నష్టం లేదు, తరవాత పెంచుకోవచ్చు.

పాడుతూ హెడ్‌ఫోన్లో వింటే గొంతు ఆలస్యంగా వస్తుంది. లాప్‌టాప్ శబ్దాన్ని ముక్కలుగా పోగేసి పంపడం వల్ల ఇలా అవుతుంది. సెకనుకి 48,000 నమూనాలు తీసేటప్పుడు ఆ ముక్క పరిమాణం, అంటే బఫర్, 1024 పెడితే పోగవడానికే 21 మిల్లీసెకన్లు పడుతుంది. ఏడు మీటర్ల దూరం నుంచి వింటున్నట్టన్నమాట. 128 పెడితే మూడు మిల్లీసెకన్ల లోపే. ఈ ఆలస్యం తగ్గించడానికి పెట్టెతో వచ్చే ఏఎస్‌ఐఓ డ్రైవర్ తప్పక వేసుకో. ఇంటర్‌ఫేస్ మీద ‘డైరెక్ట్ మానిటర్’ ఉంటే ఆ ఆలస్యం కూడా ఉండదు. స్పీకర్లు ఆపేసి చెవులు మూసే హెడ్‌ఫోన్లే వాడండి.

చివరిది, నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఎర్త్ గురించి. స్పీకర్లో ‘మ్’ మని నిలకడగా వినిపించేది మన కరెంటు 50 సైకిళ్ల రొద. లాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడు, చాలాసార్లు పోతుంది. అప్పటికీ పోకపోతే అన్నీ ఒకే ప్లగ్గు బోర్డు నుంచి తీసుకోండి. కొందరు రొద పోవడానికి మూడో పిన్ను విరిచేస్తారు. అలా ఎప్పుడూ చెయ్యకు. చేతిలో గిటారు తీగలు, పెదవుల దగ్గర ఇనప మైకు పెట్టుకునే మనిషికి ఎర్త్ పిన్నే ప్రాణం కాపాడేది.

బుజ్జీ, ఇంట్లో చేసిన రికార్డింగు తక్కువరకమని అనుకోకు. అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో తన ఇంట్లో రెండు మైకులు, నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం పెట్టుకుని పాటలు నమూనాగా రికార్డు చేసుకున్నాడు. బ్యాండ్‌తో మళ్లీ చేస్తే ఆ పట్టు రాలేదు. చివరికి ఆ ఇంటి క్యాసెట్టే ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా వచ్చింది. మనవైపు పాటకి అటువంటి అదృష్టం దక్కలేదు. ఒకప్పుడు సినిమా పాట రికార్డు చెయ్యాలంటే మద్రాసు వెళ్లాల్సి వచ్చేది. విశాఖపట్నంలో 1963లో ఆకాశవాణి వచ్చాక కూడా అక్కడి దాకా వెళ్లగలిగినవాళ్లు కొందరే. నాట్లు వేస్తూ పాడిన ఆడవాళ్ల గొంతులు ఎన్నో వాళ్లతోనే పోయాయి. ఇవాళ నీ సంచిలో పట్టే సామానుతో ఆ పని ఇక్కడే జరుగుతుంది.

కనక ముందు అమ్మమ్మని ఒక్కదాన్నే పాడనియ్యి. గిటారు వద్దు, టిక్కుటిక్కు మనే క్లిక్కూ వద్దు. ఆమె శ్రుతి హార్మోనియం మెట్లకి కుదరకపోవచ్చు, లయ ఆమె ఊపిరిని బట్టి నడుస్తుంది. తరవాత నీ గిటారునే ఆమె శ్రుతికి కలుపు. ఆమె స్వరాన్ని సాఫ్ట్‌వేరుతో దిద్దకు. దిద్దితే మిగిలేది ఆమె పాట కాదు. ప్రతి పాటకి ముందు పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె నోటనే చెప్పించు. బయట ఎవరికి వినిపించాలన్నా ముందు ఆమెని అడుగు. 24 బిట్‌లో ఒక ట్రాక్‌కి నిమిషానికి తొమ్మిది ఎంబీ చాలు, కాబట్టి డబ్ల్యుఏవీ ఫైళ్లుగానే దాచు. ఒక కాపీ నీ దగ్గర, ఒకటి ఇక్కడ ఉండాలి.

వచ్చేటప్పుడు రెండు దారుల ఇంటర్‌ఫేస్, రెండు మైకు వైర్లు, హెడ్‌ఫోన్లు తెచ్చుకో. మైకులు, స్టాండ్లు నా దగ్గరున్నాయి. నువ్వు వచ్చేలోగా ఇంటి ఎర్త్ పరీక్ష చేయిస్తాను, గోడలకి బొంతలు కట్టి గది సిద్ధం చేస్తాను. భోగి ముందురోజు మొదలుపెడదాం. ఊళ్లో పాటలు తెలిసిన పెద్దవాళ్లకి ఇప్పుడే కబురు పెడతాను.

బాగా చదువుకో. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
నీ మావయ్య