‘చాలు’ అని చెప్పే హార్మోను

మా పెద్దమామయ్య వేలి ఉంగరాన్ని కంసాలి కోసి తీయవలసి వచ్చింది. చెప్పులు 8వ నంబరు నుంచి 10కి పోయాయి. వయసుతో ఒళ్ళు చేశాడులే అనుకున్నాం. రోజూ చూసే ముఖంలో మార్పు ఇంట్లోవాళ్ళకి తెలియదు కదా! చివరకు ఒక డాక్టరుగారు పెళ్ళినాటి ఫొటో తెప్పించి, పక్కన పెట్టి చూసి చెప్పారు: ఎక్రోమెగలీ. పీయూష గ్రంథిలో చిన్న గడ్డ. అది పెరుగుదల హార్మోనును అదేపనిగా వదులుతోంది. ముక్కుగుండా ఆపరేషను చేసి చాలావరకు తీశారు. మిగిలిన ముక్కకు నెలకొక ఇంజక్షను.

ఆ ఇంజక్షను కథే ఈ వ్యాసం.

1973లో అమెరికాలోని సాల్క్ సంస్థలో గిల్లెమిన్, బ్రాజో ప్రభృతులు గొర్రెల హైపోథాలమస్ నుంచి పెరుగుదల హార్మోనును విడుదల చేయించే పదార్థం కోసం వెదుకుతున్నారు. దొరికింది మాత్రం దానిని ఆపేది! 14 ఎమినో ఆమ్లాల ఈ పెప్టైడే సొమాటోస్టాటిన్. క్లోమంలో ఇన్సులిన్, గ్లూకగాన్‌లను, జీర్ణాశయంలో గాస్ట్రిన్‌ను కూడా ఇది అణచగలదు.

ఎలా అణుస్తుంది? కణం పైపొరలో దీనికి అయిదు రకాల రిసెప్టర్లున్నాయి. 1992 నుంచి ఒక్కొక్కటే వాటి జీన్లు చేతికందాయి. అయిదూ నిరోధక జి-ప్రోటీనుతో ముడిపడినవే. మందు అతుక్కోగానే కణంలో సైక్లిక్ ఎ.ఎమ్.పి. తగ్గుతుంది, పొటాషియం ద్వారాలు తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి రావడం తగ్గుతుంది. కాల్షియం లేనిదే హార్మోను సంచులు బయటికి విప్పుకోవు. సరుకు గిడ్డంగిలోనే వుంది, లారీ కదలదు!

అయితే అసలు సొమాటోస్టాటిన్ రక్తంలో మూడు నిమిషాలైనా నిలవక సగమైపోతుంది. మందుగా ఏం పనికొస్తుంది? పనిచేసే నాలుగు ఎమినో ఆమ్లాల గుండెకాయను ఉంచి, ఎంజైములకు కొరుకుడుపడని డి-రూపాలు చేర్చి 8 ఎమినో ఆమ్లాలతో ఆక్ట్రియోటైడ్ చేశారు. దీని అర్ధాయువు సుమారు గంటన్నర. నెలకొకసారి ఇచ్చేది, కండరంలో మెల్లగా కరిగే రకం.

పరీక్షలో తరచు అడిగేదీ, మనం తరచు తప్పు రాసేదీ ఇక్కడే. ఆక్ట్రియోటైడ్ అయిదింటికీ సమానంగా అతకదు. రెండో రకాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మూడు, అయిదులను తక్కువగా. గడ్డ మీద రెండో రకం కొరవడితే ఎంత మోతాదిచ్చినా ఫలితం అంతంతమాత్రమే. అపుడు అయిదో రకాన్ని బాగా పట్టే పాసిరియోటైడ్ వుంది. కాని అది గ్లూకగాన్‌కంటె ఇన్సులిన్‌ను ఎక్కువగా అణచి చక్కెర పెంచుతుంది. ఒకచోట ‘చాలు’ అనమంటే పక్కింట్లోనూ అంటుందన్నమాట.

మామయ్యకు ఆక్ట్రియోటైడ్ పట్టింది. చేతుల ఉబ్బు తగ్గింది, పెరిగిన ఎముక మాత్రం తగ్గదు. కాని ఈ మందు పిత్తాశయాన్ని ముడుచుకోనివ్వదు. మొన్న స్కానింగులో చిన్న రాళ్ళు కనిపించాయి.

“ఏం అల్లుడూ, మందుల చదువు చదువుతున్నావుగా, మానెయ్యమంటావా?” అన్నాడు.

“వద్దు మామయ్యా. నొప్పి లేనంతకాలం రాళ్ళ జోలికి పోనక్కర్లేదు. మందు మానితే గడ్డ మళ్ళీ మొదలెడుతుంది” అన్నాను. డాక్టరుగారూ అదే చెప్పారట. వచ్చే నెల ఇంజక్షనుకు నేనే తోడు వెళుతున్నాను.