ఉమ్మడి బావికి ఆదివారం ఎవరిది?

బి.యస్సీ. చదివేవాడికి ఆస్తి తగాదాలతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. పని లేకపోతే బాగానే ఉండును. కానీ పోయిన ఎండాకాలం మా నారుమడి కళ్లముందే ఎండిపోయింది. పక్కనే బావిలో నీళ్లున్నాయి, మోటారుకు కరెంటుంది. షెడ్డుకు మాత్రం పెదనాయన తాళం, దానిమీద మా నాయన వేసిన మరో తాళం. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి తలుపులు రాత్రింబవళ్లు మూయరు. ఆ గుడికి కూతవేటు దూరంలో పుట్టిన అన్నదమ్ములు మోటారు షెడ్డుకు రెండు తాళాలు వేసుకున్నారు.

సంగతి ఇది. మా తాత కష్టపడి కొన్న భూమి, దానిలో ఒక బావి. తాత 1998లో వీలునామా రాయకుండానే పోయాడు. అవ్వ అంతకు ముందే పోయింది. ముగ్గురన్నదమ్ములు తెల్లకాగితం మీద కయ్యలు పంచుకున్నారు. పెద్దవాడు గెనేలు వేశాడు, చిన్నవాడు ముందు కోరుకున్నాడు. ఈ పద్ధతి మన పల్లెల్లో పాతదే. పంచేవాడికి ఏ ముక్క తనకు మిగులుతుందో తెలియదు గనక సమానంగానే పంచుతాడు. స్టెయిన్‌హౌస్ అనే పోలెండు గణితశాస్త్రవేత్త 1948లో ఇటువంటి పంపకాల మీద ఒక వ్యాసమే రాశాడు. ఇద్దరైతే ఒకడు కోయాలి, మరొకడు ఎంచుకోవాలి. ముగ్గురూ అంతకు మించీ ఉంటే ఏం చేయాలో ఆయన మిత్రులు బానాఖ్, క్నాస్టర్ దారి కనిపెట్టారు. మొదటివాడు తన భాగమనిపించినంత కోస్తాడు. అది ఎక్కువనిపించినవాడు కొంత తగ్గిస్తాడు. చివరిసారి తగ్గించినవాడే ఆ ముక్క తీసుకోవాలి. మా తాత ముత్తాతలు ఇంత దూరం పోలేదు గానీ, చీట్లు వేసేవాళ్లు.

భూమి కోయవచ్చు. బావిని ఎట్లా కోస్తారు? 2022లో మా పేట నెల్లూరు జిల్లా నుంచి విడిపోయి తిరుపతి జిల్లాలో కలిసింది; జిల్లా విడిపోయినంత సులువుగా బావి విడిపోదు. అందుకని వంతులు పెట్టుకున్నారు. సోమ, మంగళ పెదనాయనకు, బుధ, గురు మాకు, శుక్ర, శని చిన్నాయనకు. ఆదివారం మోటారుకు విశ్రాంతి. అందరూ సంతోషించారు. ఇరవై ఏళ్లు నడిచింది కూడా.

వేసవిలో నీళ్లు తగ్గాక ఆదివారం మీద తగవు లేచింది. నేను హాస్టలు నుంచి వచ్చి, తాడుకు రాయి కట్టి వారం రోజులు పొద్దున్నే బావి లోతు కొలిచాను. తక్కిన రోజులకంటే సోమవారం పొద్దున నీటిమట్టం సుమారు నాలుగడుగులు ఎక్కువుంది. ఎందుకుండదు? శనివారం సాయంత్రం నుంచి రెండు రాత్రులు, ఒక పగలు ఊట ఊరుతుంది గదా. ఆ నీళ్లన్నీ సోమవారం వాడికే. పెదనాయన దొంగ కాదు, ఆ సంగతి ఆయనకే తెలియదు. రోజులు సమానం, నీళ్లు సమానం కావు. ఒకే రోజును గంటల లెక్కన పంచినా ఇదే తంటా, ముందు తోడుకున్నవాడికి రాత్రంతా ఊరిన నిలవ దక్కుతుంది.

దీనికి విరుగుడు వారాన్ని మరిచిపోవడమే. ముగ్గురికీ రోజుకొకరు చొప్పున ఆపకుండా వంతు తిప్పితే, 21 రోజుల్లో తలా ఏడు రోజులు, అందులో ప్రతివాడికీ ఒక ఆదివారం వస్తాయి. 7 ప్రధాన సంఖ్య కావడం ఇంత మేలు చేస్తుందని క్లాసులో నాకు తోచలేదు. కరెంటు పోయిన గంటలు నోటుబుక్కులో రాసి, వాటిని తర్వాత కలుపుకోవాలి.

నాయన మాత్రం, "లెక్కలు నీ కాలేజీలో చెప్పు, నేను కోర్టుకు పోతా" అన్నాడు. అందుకని ప్లీడరు దగ్గరికి నేనూ వెంట పోయాను. ఆయన చెప్పినవి రాసుకున్నాను. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనం కిందే లెక్క, తాళం వేసినంత మాత్రాన బావి వాడిదైపోదు. విభాగం దావాలో మొదటి డిక్రీ ఎవరి వాటా ఎంతో తేలుస్తుంది. ఆ తర్వాత కమిషనరు వచ్చి చూసి, చివరి డిక్రీతో గానీ హద్దులు పడవు. పంచడానికి వీలుకాని ఆస్తి అయితే 1893 విభాగ చట్టం కింద, సగం లేక అంతకు మించి వాటా ఉన్నవాళ్లు కోరితే కోర్టు అమ్మించవచ్చు. అప్పుడు తక్కినవాళ్లు కోర్టు కట్టిన వెలకు ఆ వాటాలు కొనుక్కుంటామని అడగవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఆ అవార్డు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. మా తెల్లకాగితమో? స్థిరాస్తిని పంచే దస్తావేజు రిజిస్టరు కాకపోతే పంపకానికి రుజువుగా నిలవదు.

చివర ప్లీడరు అడిగిన ప్రశ్నకు మేమిద్దరం నోరు మెదపలేదు. "మీ తాతకు ఆడపిల్లలు లేరా?"

ఉంది. నాయుడుపేటలో మా మేనత్త. 1956 వారసత్వ చట్టం ప్రకారమే తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా ఉంది. పిత్రార్జితంలో కూతుళ్లకు మన రాష్ట్రం 1986లో, దేశమంతటా 2005లో హక్కు కల్పించారు. మనవాళ్లకు ఈ ధర్మశాస్త్రాలు కొత్తగావు. 13వ శతాబ్దంలోనే కేతన మితాక్షరను 'విజ్ఞానేశ్వరము' పేర తెలుగు చేశాడు. తిక్కనకు 'దశకుమారచరిత్రము' అంకితమిచ్చింది ఈ కేతనే. అయితే మా ఇంట్లో 1998 నాటి కాగితం మీద అత్త పేరు గానీ, వేలిముద్ర గానీ లేదు. మేం దొంగిలించామని ఎవ్వరూ అనుకోలేదు, అడగాలనీ ఎవ్వరికీ తోచలేదు.

బస్సులో వస్తూ, "నాయనా, భాగస్థులు నలుగురు, ముగ్గురు కాదు" అన్నాను. నాయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దొరవారిసత్రం దాటాక, "దానికి పసుపు కుంకుమ కింద ఇచ్చినాం గదరా" అన్నాడు. "ఇస్తే ఇచ్చినట్టు, వాటా తీరినట్టు ఆమె రాసియ్యలేదు గదా" అన్నాను. మళ్లీ మాట లేదు.

మరునాడు పొద్దున నాయనే అత్తకు ఫోను చేశాడు. ఆమె వచ్చింది. పెదనాయన ఇంట్లోనే దిగి, సాయంత్రం అన్నదమ్ములను బావి గట్టున కూర్చోబెట్టింది. నా నోటుబుక్కు తెప్పించుకుని చూసి, "భూమి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు బావిలో నాకొక వంతు రాయండి. నాది ఎవరి పైరు ఎండుతుంటే వాళ్లకిస్తా, అది నేను చెప్పాల, మీరు కాదు" అంది. పెదనాయన కాసేపు గడ్డి పీకుతూ కూర్చుని, జేబులోంచి తాళంచెవి తీశాడు. నాయన కూడా తీశాడు.

ఇప్పుడు 28 రోజుల చక్రం నడుస్తోంది. తలా ఏడు రోజులు, ఒక్కొక్కరికి ఒక ఆదివారం. నోటుబుక్కు షెడ్డులో మేకుకు వేలాడుతోంది. దస్తావేజు చిత్తు నలుగురి పేర్లతో తయారైంది. భూమిలో అత్త వాటా దగ్గర మాత్రం ఇంకా ఖాళీ వదిలి ఉంది. దాని గురించి మాట్లాడటానికి సంక్రాంతికి ఆమె మళ్లీ వస్తానంది.