నలుగురి చేత మాట్లాడించడమూ ఉద్యోగమే

"నాకు మాటలు బాగా వచ్చు సార్, ట్రైనర్‌గా పనికొస్తానా?" అని అడిగే కుర్రాళ్లు చాలామంది ఉంటారు. మాటలు రావడం మంచిదే. కానీ శిక్షణ గదిని నిద్రపుచ్చేదీ ఎక్కువగా మాటకారులే. గంటన్నర సెషన్‌లో గంటా ఇరవై నిమిషాలు తామే మాట్లాడేసి, ఆఖర్న "డౌట్లు ఏమైనా ఉన్నాయా?" అంటారు. ఎవరూ నోరు మెదపరు. అందరికీ అర్థమైపోయిందనుకుని హాజరు పట్టీలో సంతకాలు పెట్టించుకుని టీకి లేస్తారు. మర్నాడు ఫ్లోర్ మీద పని మాత్రం పాత పద్ధతిలోనే సాగుతుంది.

శిక్షణ ఇచ్చే పనికి గిరాకీ ఉంది. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ చుట్టుపక్కల ఫార్మా ప్లాంట్లనే చూడండి. అమెరికాకు మందులు పంపాలంటే అక్కడి నిబంధనల ప్రకారం సిబ్బందికి ఎప్పటికప్పుడు శిక్షణ ఇస్తూనే ఉండాలి. తనిఖీకి వచ్చినవాళ్లు ట్రైనింగ్ రికార్డులు అడుగుతారు. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టమైతే, ఉద్యోగులకు క్రమం తప్పకుండా అవగాహన వర్క్‌షాపులు పెట్టాలని యజమానులకు స్పష్టంగా చెప్పింది. సెషన్లు ఎలాగూ పెట్టాల్సిందే. వాటిని పనికొచ్చేలా నడిపేవాళ్లే తక్కువ.

ఫార్మా నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక్కో విడత మందు తయారీ వివరాలు రాసే బ్యాచ్ రికార్డులో అంకె తప్పు పడితే దాని మీదే దిద్దకూడదు, వైట్‌నర్ పూయకూడదు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. ఇది స్లయిడ్ మీద చూపించడానికి రెండు నిమిషాలు చాలు. మర్చిపోవడానికి అంతకంటే తక్కువ పడుతుంది. దానికి బదులు, ముందురోజే ఒక నమూనా పేజీ తయారు చేసుకోండి. ఒకచోట దిద్దిన అంకె, ఒకచోట తేదీ లేని సంతకం, ఒకచోట ఖాళీగా వదిలేసిన గడి, ఇంకోచోట రాత్రి షిఫ్టులో జరిగిన పనికి పగటి షిఫ్టు మనిషి సంతకం. ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి, "ఇవాళ ఇన్‌స్పెక్టర్లు మీరే, పట్టుకోండి" అనండి. కాసేపటికి గదంతా గోలగోలగా ఉంటుంది. ఆ గోలలోనే ఎవరో ఒకరు, "మేమూ ఇంతే సార్, పని ఆగకూడదని ముందు కానిచ్చేసి షిఫ్టు చివర్లో కూర్చుని రాస్తాం" అంటారు.

సెషన్ పెట్టింది ఆ మాట బయటికి రావడానికే. అక్కడ మీరు "అలా ఎలా రాస్తారు?" అని గద్దించారా, ఇక ఆ గదిలో నిజం చెప్పేవాడు ఉండడు. "ఎందుకు అలా రాయాల్సి వస్తోంది?" అని అడగండి. రికార్డు యంత్రం దగ్గర ఉండదనో, గ్లవ్స్ తీసి పెన్ను పట్టుకునే వీలు లేదనో తేలుతుంది. అప్పుడు మార్చాల్సింది మనిషినా, ఏర్పాటునా అన్నది వాళ్లే చెబుతారు.

గ్రూపు చర్చ నడపడం దీనికంటే కష్టం. క్యాంపస్ ఇంటర్వ్యూల గ్రూప్ డిస్కషన్‌లో గొంతు పెంచి నెగ్గిన అలవాటును ఇక్కడ గుమ్మం బయటే వదిలేయాలి. మేనేజరు ముందు మాట్లాడితే చర్చ అక్కడితో సరి, మిగతావాళ్లు తలలూపుతారు. అందుకే ఆయనకు ముందుగానే విడిగా చెప్పి, చివర మాట్లాడమని కోరండి. మొదట రెండు నిమిషాలు అందరి చేతా చీటీల మీద రాయించి, పేర్లు లేకుండా మీరే చదవండి. మూల కూర్చున్న కొత్త అమ్మాయి మాట కూడా బల్ల మీదికి వస్తుంది. ఎవరినీ మాట్లాడనివ్వని పెద్దమనిషి ఉంటే ఆయన చేతికి మార్కర్ ఇచ్చి, అందరూ చెప్పింది బోర్డు మీద రాసే పని అప్పగించండి. "డౌట్లు ఉన్నాయా?" అనే ప్రశ్న మానేసి, "ఈ పని కొత్తవాడికి అప్పగిస్తే ఎక్కడ తడబడతాడు?" అని అడిగి చూడండి, జవాబులు వస్తాయి. భాష మాటకొస్తే, పని ఎలా చేయాలో రాసి ఉండే ఎస్‌ఓపీ ఇంగ్లిష్‌లో ఉన్నా వివరణ తెలుగులోనే బాగా ఎక్కుతుంది. బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులుంటే హిందీ కూడా కావాలి. అమెరికన్ యాస నేర్చుకోవడానికి పెట్టే డబ్బు హిందీకి పెడితే ఎక్కువ లాభం.

సెషన్‌తోనే పని అయిపోదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియని జనం వేలాదిగా వచ్చినప్పుడు ఒక నాలుగు మెట్ల పద్ధతి పెట్టారు. నేర్చుకునేవాణ్ని సిద్ధం చేయడం, చేసి చూపడం, అతనితో చేయించడం, తర్వాత పని దగ్గరికి వెళ్లి చూడడం. నాలుగోది ఇప్పటికీ ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. శిక్షణ ఎంత పనిచేసిందో కొలవడానికి డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు స్థాయిలదీ ఇదే గతి. సెషన్ నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో పెట్టారా, ఫలితం కనబడిందా అని ఆయన వరుసగా చూడమంటే, మనవాళ్లు ఫీడ్‌బ్యాక్ ఫారంతో మొదటి స్థాయి దగ్గరే ఆగిపోతారు. పది రోజుల తర్వాత ఫ్లోర్ మీదికి వెళ్లి నాలుగు రికార్డులు తిరగేసే ట్రైనర్‌ని మాత్రం కంపెనీ వదులుకోదు.

దారుల విషయానికొస్తే, ఐటీఐ, డిప్లొమా వాళ్లకు ఏడాది పాటు సాగే క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ కోర్సు ఉంది. హైదరాబాద్ విద్యానగర్‌లోని నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ అలాంటి ఇన్‌స్ట్రక్టర్లను తయారు చేసే సంస్థే. డిగ్రీ, ఎంబీఏ వాళ్లు హెచ్‌ఆర్‌లోని శిక్షణ విభాగం వైపు చూడొచ్చు. ఇండియన్ సొసైటీ ఫర్ ట్రైనింగ్ అండ్ డెవలప్‌మెంట్ వాళ్ల డిప్లొమా ఆ దారిలో పనికొస్తుంది. అయితే పట్టాతోనే అంతా అయిపోదు. మన పొదుపు సంఘాల మహిళలు, పెద్ద చదువులు లేనివాళ్లు కూడా, రిసోర్స్ పర్సన్లుగా బిహార్ దాకా వెళ్లి అక్కడి ఆడవాళ్లతో సంఘాలు పెట్టించారు. భాష పూర్తిగా రాకపోయినా, తమ సంఘం లెక్క తాము రాసుకున్న అనుభవం వాళ్ల దగ్గరుంది.

ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు ఉద్యోగం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీకు బాగా వచ్చిన పని ఒకటి ఎంచుకోండి, ల్యాబ్‌లో టైట్రేషన్ కావచ్చు, ఎక్సెల్‌లో పైవట్ టేబుల్ కావచ్చు. జూనియర్లు ఆరుగురిని కూర్చోబెట్టి అరగంటలో వాళ్ల చేత చేయించండి. వారం తర్వాత మళ్లీ చేయించి, ఎందరికి వచ్చిందో, రానివాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూకి ఆ కాగితం పట్టుకెళ్లండి.