గడి – గడి పేరు

దరఖాస్తు కాగితంపై ఉన్నంతకాలం ‘తండ్రి పేరు’ అన్న మాట ఒకవైపు, దాని ఎదుట చుక్కల గీత మరొకవైపు ఉండేవి. గీతపై ఎంత వ్రాసినా ఆ మాట చెరిగేది కాదు. దరఖాస్తు కంప్యూటర్ తెరపైకి వచ్చిన తరువాత ఈ చిన్న సౌకర్యానికి ముప్పు ఏర్పడింది.

వెబ్ పుటలోని గడికి వెలుపల స్థిరంగా నిలిచే పేరును ‘లేబుల్’ అంటారు. గడిలోపల లేత రంగులో కనిపించి, వ్రాయడం మొదలుపెట్టగానే మాయమయ్యే మాట ‘ప్లేస్‌హోల్డర్’. మొదటిదానికి 1997 నాటి హెచ్.టి.ఎం.ఎల్. 4లోనే స్థానం లభించింది. రెండవది, 2014లో ప్రమాణంగా ఆమోదింపబడిన హెచ్.టి.ఎం.ఎల్. 5లో చేరింది. చోటు కలిసివస్తుందని కొందరు రూపకర్తలు లేబుల్‌ను తొలగించి ప్లేస్‌హోల్డర్‌తోనే సరిపెట్టసాగారు. ఇది పొదుపు కాదు, పొరపాటు.

ఇరవై గడులు నింపిన విద్యార్థిని పంపేముందు అన్నీ సరిచూసుకోదలచిందనుకొందాం. రెండు గడులలో రెండు ఫోను నంబర్లున్నాయి. తనది ఏది, తండ్రిది ఏది? చెప్పవలసిన మాటలు మాయమైనవి. వ్రాసినది చెరిపితే తప్ప అవి తిరిగి కనిపించవు.

చూపు లేనివారి ఇబ్బంది ఇంతకంటె పెద్దది. వారికి తెరమీది మాటలను స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. లేబుల్ గడి పక్కన ఉన్నంత మాత్రాన అది ఆ గడిదేనని యంత్రానికి తెలియదు. గడికి ‘ఐడి’ అనే గుర్తునిచ్చి, లేబుల్‌లోని ‘ఫర్’ అనే చోట ఆ గుర్తునే వ్రాయాలి. వాక్యార్థం కలగడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలన్నారు మన పూర్వులు. కంటికి సన్నిధి చాలు. యంత్రానికి అన్వయం కూడ చెప్పి తీరాలి. ఇట్లు కలిపిన పేరును నొక్కినా కర్సర్ గడిలోనికే చేరుతుంది. చేయి వణికే వృద్ధులకు ఇది గొప్ప ఉపకారం.

ప్లేస్‌హోల్డర్ వ్యర్థమని కాదు. ‘పుట్టిన తేదీ’ అన్న లేబుల్ వెలుపల ఉండగా, లోపల ‘ఉదా: 15-08-2004’ అని చూపడం ఉచితమే. అయితే ఆ అక్షరాలు మరీ లేతగా ఉండరాదు. 2008 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల రెండవ స్థాయి ప్రకారం సాధారణ అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి.

లేబుల్ ఉన్నా మాట సరిగా లేకపోతే చిక్కే. ‘ఫస్ట్ నేమ్’ అన్నచోట తెలుగు విద్యార్థి తన ఇంటిపేరు వ్రాయడంలో వింత లేదు. మన వాడుకలో ముందు వచ్చేది అదే కదా! తీరా ధ్రువపత్రంలో పేరు ఒక తీరుగా, దరఖాస్తులో మరొక తీరుగా నిలిచి, సవరణకై తిరగవలసివస్తుంది. ఆ రెండు గడులపై ‘ఇంటిపేరు’, ‘పేరు’ అని ఉంటే ఆ తిరుగుడు తప్పుతుంది.