విశేషణ సార్థక్యం – బాలుర రచనాబోధన

ప్రాథమిక తరగతులలో విశేషణ బోధన తరచుగా పదపట్టికతో ఆరంభమవుతుంది. అందమైన, మనోహరమైన, తీయని వంటి పదాలను పిల్లలు వల్లెవేసి, ప్రతి నామవాచకం ముందు ఒకటి చొప్పున చేరుస్తారు. వాక్యం పెరుగుతుంది గాని అర్థం పెరగదు. విశేషణాన్ని కేవలం అలంకారంగా భావించడమే ఈ లోపానికి మూలం. శాస్త్రదృష్టి ఇందుకు భిన్నమైనది.

కర్మధారయాన్ని విధించే పాణినీయ సూత్రాన్ని వివరిస్తూ కాశికావృత్తి విశేషణాన్ని భేదకంగా, విశేష్యాన్ని భేద్యంగా నిరూపించింది. ‘నీలోత్పలం’ అన్నప్పుడు నీలపదం తెల్లని, ఎర్రని కలువల నుండి ఒకదానిని వేరుచేస్తున్నది. సంభవం, వ్యభిచారం రెండూ ఉన్నప్పుడే విశేషణం సార్థకమని మీమాంసకుల నియమం. చల్లని నిప్పు అసంభవం. వేడిలేని నిప్పు లేదు కనుక ‘వేడి నిప్పు’ అన్నచోట వ్యభిచారం లేదు. ఆ రెండుచోట్లా విశేషణం వ్యర్థం. కావ్యవర్ణనలో స్వభావధర్మాన్ని చెప్పే విశేషణాలకు వేరే ప్రయోజనం ఉన్నది. వాక్యరచన నేర్చే బాలునికి మాత్రం ముందుగా కావలసినది భేదకదృష్టి.

శ్రీకాకుళం జిల్లాలోని హరిశ్చంద్రపురం, టెక్కలి, పలాస ప్రాంతాలలోను, ఉద్దానం తీరంలోను ఈ దృష్టికి ఉదాహరణలు సమృద్ధిగా లభిస్తాయి. పలాస జీడిపప్పు వర్తకంలో తెల్లని పప్పు వేరు, కమిలిన పప్పు వేరు. నిండు గుండు వేరు, విరిగిన ముక్క వేరు. విశేషణం మారితే ధర మారుతుంది. ఇంటిలో ఈ పని చూచే బాలికకు భేదకత్వం అపరిచితం కాదు. దానిని రాతలోకి తేవడమే బోధకుని పని.

సంస్కృతంలో విశేషణం విశేష్యం యొక్క లింగ వచన విభక్తులను అనుసరిస్తుంది. తెలుగులో మంచి బాలుడు, మంచి బాలిక, మంచి బాలురు అన్నచోట ‘మంచి’ మారదు. కాబట్టి తెలుగు బాలునికి క్లేశం రూపసాధనలో లేదు, పదం ఎంపికలో ఉన్నది. పైగా ధాతుజ విశేషణాలు తెలుగుకు పెన్నిధి. కాసిన చెట్టు, కాసే చెట్టు, కాయని చెట్టు – ఒకే ధాతువు మూడు భేదాలను చూపుతున్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను దెబ్బతీసింది. దానిని గురించి రాసే బాలునికి ‘భయంకరమైన’ కంటె కూలిన, విరిగిన, నిలిచిన అనే మాటలే ఎక్కువ తోడ్పడతాయి.

తరగతిలో రెండు అభ్యాసాలు చేయించవచ్చు. మొదటిది: లేత, ముదురు, ఎండిన పనసాకులను మూడింటిని బల్లపై ఉంచి, ఒకదానిని తలచుకొని దానిని గుర్తించేటట్లు వాక్యం రాయమనాలి. ‘పచ్చని ఆకు’ అని రాస్తే రెండు ఆకులు మిగులుతాయి. అప్పుడు ‘లేత’ అనే పదాన్ని బాలుడే వెదకుకొంటాడు. రెండవది: రాసిన విశేషణాన్ని కొట్టివేసి, అర్థం తగ్గిందేమో చూడమనాలి. ‘ఉప్పని సముద్రం’లో తగ్గేది లేదు. ‘ఉప్పని బావినీరు’లో ఆ మాట పోతే బావి స్వరూపమే మారిపోతుంది.

ఇందులో భాషావిధాన ప్రశ్న కూడా ఇమిడి ఉన్నది. ఈ జిల్లాలోనే జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) జీవద్భాషలో విద్యాబోధన జరగాలని పోరాడారు. సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు రచించారు. బాలుడు తన ఊరి మాటతో ఒక వస్తువును వేరుచేసి చూపినప్పుడు, దానిని గ్రామ్యమని కొట్టివేసి ‘సుందరమైన’ అని దిద్దితే పోయేది ఒక పదం మాత్రమే కాదు. అతడు చూచిన భేదమే పోతుంది. వర్ణక్రమం దిద్దవచ్చు, చూపును దిద్దరాదు.

ప్రాచ్య కళాశాలలలో చదివినవారే అనేకులు భాషాపండితులై పాఠశాలలకు వెళుతున్నారు. భేద్యభేదక లక్షణం వారికి పరీక్షాంశంగానే మిగిలిపోరాదు. అది బాలుని పలకదాకా చేరినప్పుడే ఆ శాస్త్రాధ్యయనం సఫలం.