పాఠం 14: ఇంటికి వైర్‌లెస్ కెమెరా – అవగాహన, ఎంపిక

14.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• వైర్‌లెస్ కెమెరా ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
• రికార్డింగు ఎన్ని రోజులు నిలుస్తుందో లెక్క కట్టగలుగుతారు.
• మీ ఇంటికి తగిన కెమెరాను ఎంచుకుని, ఇరుగుపొరుగు వారికి ఇబ్బంది లేకుండా అమర్చుకోగలుగుతారు.

14.1 పరిచయం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగువారు ఇక్కడ స్థిరపడ్డారు. ఈ పట్టణంలోని ఝపటాపూర్‌లో ఒక తెలుగు కుటుంబం ఉందనుకోండి. వారు సంక్రాంతికి 10 రోజులు ఇంటికి తాళం వేసి శ్రీకాకుళం వెళ్లాలి. తాళం మీదే భారం వేయాలా? కెమెరా పెట్టాలా? పెడితే ఎలాంటిది? ఆ ఇల్లు మీదే అనుకుని ఈ పాఠం చదవండి.

14.2 వైర్‌లెస్ అంటే ఏమిటి?

వైరు లేనిది బొమ్మకే, కరెంటుకు కాదు. కెమెరా తీసిన బొమ్మ రేడియో తరంగాల ద్వారా ఇంట్లోని వైఫై రౌటర్‌కు, అక్కడి నుండి ఇంటర్నెట్ ద్వారా మీ ఫోనుకు చేరుతుంది. చాలా కెమెరాలకు ప్లగ్గు కావాలి. బ్యాటరీ కెమెరాలూ ఉన్నాయి. ఇవి ఛార్జి ఆదా కోసం సాధారణంగా ఎదుట కదలిక ఉన్నప్పుడే రికార్డు చేస్తాయి.

కరెంటు పోతే ప్లగ్గు కెమెరా ఆగిపోతుంది. బ్యాటరీ కెమెరా పనిచేసినా, రౌటర్ ఆగిపోతే మీ ఫోనుకు కబురు రాదు. కాబట్టి రౌటర్‌కు కూడా ఇన్‌వర్టరో, చిన్న యు.పి.ఎస్.ఓ అవసరం.

14.3 సిగ్నల్

వైఫైలో 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలు గోడలు దాటి ఎక్కువ దూరం పోతాయి. 5 గిగాహెర్ట్‌జ్ తరంగాలకు వేగం ఎక్కువే గాని, గోడలు అడ్డొస్తే త్వరగా బలహీనపడతాయి. అందుకే చాలా ఇంటి కెమెరాలు 2.4 మీద పనిచేస్తాయి.

చేసి చూడండి: కెమెరా పెట్టదలచిన చోట ఫోను పట్టుకుని నిలబడండి. తలుపు మూయించి, ఇంటి వైఫై మీద 5 నిమిషాలు వీడియో చూడండి. అది ఆగి ఆగి వస్తే, చోటు మార్చాలి లేదా రౌటర్‌ను దగ్గరకు జరపాలి.

14.4 రికార్డింగు ఎక్కడ నిలుస్తుంది?

కెమెరాలోని మెమొరీ కార్డులో నిలవచ్చు. లేదా ఇంటర్నెట్ ద్వారా కంపెనీ కంప్యూటర్లలో నిలవచ్చు. రెండవ పద్ధతికి సాధారణంగా నెలనెలా రుసుము ఉంటుంది. కాని దొంగ కెమెరాను పీక్కుపోతే కార్డు కూడా పోతుంది. కంపెనీ దగ్గర చేరిన బొమ్మ మాత్రం మిగులుతుంది.

ఉదాహరణ: కెమెరా సెకనుకు 1 మెగాబిట్ చొప్పున రికార్డు చేస్తుందనుకుందాం. 64 జి.బి. కార్డు ఎన్ని రోజులు వస్తుంది?

రోజుకు సెకన్లు = 86,400
8 మెగాబిట్లు = 1 మెగాబైటు
రోజుకు 86,400 ÷ 8 = 10,800 మెగాబైట్లు, అంటే సుమారు 10.8 జి.బి.
64 ÷ 10.8 = సుమారు 6 రోజులు

కార్డు నిండితే చాలా కెమెరాలు పాత బొమ్మలను చెరిపి కొత్తవి రాస్తాయి. అంటే 10 రోజులు ఊళ్లో లేని కుటుంబం తిరిగి వచ్చేసరికి మొదటి 4 రోజుల రికార్డు ఉండదు. ‘కదలిక ఉన్నప్పుడే రికార్డు’ అని అమర్చుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

14.5 కెమెరాకూ తాళం కావాలి

2016లో ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతటా లక్షలాది కెమెరాలు, రౌటర్ల వంటి పరికరాల్లో చొరబడింది. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును యజమానులు మార్చకపోవడమే దానికి దారి ఇచ్చింది. కనుక పాస్‌వర్డును మొదటి రోజే మార్చండి. కంపెనీ పంపే మార్పులను ఎప్పటికప్పుడు ఎక్కించుకోండి. పడకగదిలో కెమెరా పెట్టకండి.

మన దేశంలో సీసీ కెమెరాల భద్రతా పరీక్షలపై 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉత్తర్వు 2025 ఏప్రిల్ నుండి అమలైంది. కొనేటప్పుడు పెట్టె మీద బి.ఐ.ఎస్. నమోదు సంఖ్య చూడండి. బయట పెట్టేదైతే వాన తట్టుకునేలా ఐ.పి. 65 లేదా అంతకు మించిన గుర్తు ఉండాలి.

14.6 పొరుగువారు

కెమెరా దొంగను చూపుతుంది, పట్టుకోదు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే పథకం నడిపారు. కోరినవారి ఇంట్లో కెమెరా పెడితే, కదలిక కనబడగానే కబురు పోలీసు కంట్రోల్ రూముకు చేరేది. ఆ పథకం బలం కెమెరాలో కన్నా, కబురు అందగానే బయలుదేరే మనుషుల్లో ఉంది.

శ్రీకాకుళంలో ఉండి ఫోనులో చూస్తే, ఝపటాపూర్ ఇంటికి పరుగెత్తి వెళ్లేది ఎవరు? పక్కింటివారే. అందుచేత కెమెరాను మీ తలుపు, మీ గేటు వైపే తిప్పండి. వారి వాకిలి, కిటికీ, స్నానాల గది వైపు తిప్పకండి. బిగించాక వారిని పిలిచి, ఏమి కనబడుతుందో మీ ఫోనులో చూపించండి.

14.7 సారాంశం

ముందు చోటు చూడండి; తర్వాత సిగ్నల్, కరెంటు, రికార్డింగు, పాస్‌వర్డు. ధర ఆఖరున. కబురు అందుకుని వచ్చే మనిషి లేకపోతే ఎంత ఖరీదైన కెమెరా అయినా జరిగినదాన్ని చూపడానికే పనికివస్తుంది.

పాఠంలోని ప్రశ్నలు

1. పై ఉదాహరణలో 128 జి.బి. కార్డు వేస్తే ఎన్ని రోజులు వస్తుంది?
2. బ్యాటరీ కెమెరా ఉన్నా రౌటర్‌కు ఇన్‌వర్టర్ ఎందుకు?
3. మీ ఇంటి పటం గీసి, కెమెరా చోటు, అది చూసే దిక్కు గుర్తించండి.

జవాబులు: 1. సుమారు 12 రోజులు. 2. రౌటర్ ఆగితే ఫోనుకు కబురు రాదు. 3. మీ పటాన్ని పక్కింటివారికి చూపి, వారి మాట కూడా వినండి.