మేనల్లుడికి, ఫర్నేసు ఆగాక



బొబ్బిలిలో మీ ఫెర్రో అల్లాయిస్ యూనిట్ ఆపేశారనీ, నువ్వు గది దాటి రావడం లేదనీ మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు ఒక లెక్క చూడు. టన్ను సిలికో మాంగనీసు తియ్యడానికి దాదాపు 4,000 యూనిట్ల కరెంటు కాలుతుంది. యూనిట్‌కి రూపాయి పెరిగితే టన్ను మీద 4,000 రూపాయలు పడుతుంది. 2023లో మన వైపు ఫెర్రో యూనిట్లు ఆగినప్పుడూ ఇదే కరెంటు రేటు గోల. నీ పనిలో లోపం వెతుక్కోకు నాయనా.

ఇప్పుడు ఆ లెక్కతోనే దారి చూసుకో. గరివిడి వైపు ఇంకో ఫర్నేసుకి పరిగెడితే అక్కడా అదే కరెంటు రేటు. కరెంటు బిల్లు అంత బరువు కాని చోటు చూడు. పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి. మూలపేట పోర్టు, భోగాపురం విమానాశ్రయం వైపు కూడా చూడు. నీలాంటి ఎలక్ట్రీషియన్ లేకుండా వీటిలో ఏదీ నడవదు.

వెళ్లే ముందు కాగితం తీసి, నీ చేత్తో బాగుచేసినవి రాయి: బ్రేకర్ ఎందుకు ట్రిప్ అయింది, ఏ మోటారు బేరింగ్ మార్చావు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఎలా పరీక్షించావు. కంపెనీ పేరు కంటే ఇదే నిన్ను నిలబెడుతుంది. మందుల కంపెనీల్లో సాల్వెంట్లు మండుతాయి కాబట్టి ఫ్లేమ్‌ప్రూఫ్ ఫిటింగులు వాడతారు. వర్క్ పర్మిట్ లేకుండా ప్యానెల్ ముట్టుకోనివ్వరు, చేసిన ప్రతి రిపేరూ రిజిస్టర్లో ఎక్కించాలి. ఇవన్నీ తెలుసుకుని వెళ్తే ఇంటర్వ్యూలో బెదురుండదు. ఐటీఐ సర్టిఫికెట్, వైర్‌మ్యాన్ పర్మిట్ వెంట ఉంచుకో.

ఒక మాట గట్టిగా చెబుతున్నా. రాజీనామా రాసిమ్మని ఎవరడిగినా సంతకం పెట్టకు. ఏడాది పైబడి పనిచేసిన కార్మికుణ్ని తీసేస్తే కనీసం నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. దానిపైన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం. రాజీనామా చేస్తే ఆ పరిహారం పోయినట్టే. నీకు అయిదేళ్లు నిండాయి కాబట్టి గ్రాట్యుటీ కూడా వస్తుంది. పీఎఫ్ ఖాతాలో మానేసిన తేదీ ఎక్కించారో లేదో చూసుకో, సర్వీసు సర్టిఫికెట్ రాయించుకో.

మన జూట్ మిల్లులు లాకౌట్ అయినప్పుడల్లా, రేపో మాపో తెరుస్తారని గేటు దగ్గర నెలలకు నెలలు కాచుకున్నవాళ్లని చూశాను. నువ్వలా ఆగకు. మళ్లీ తెరిస్తే అప్పుడు ఆలోచిద్దాం.

గల్ఫ్ ఏజెంటు ఎవడో వచ్చాడని విన్నాను. లైసెన్సు నంబరు అడిగి, ప్రభుత్వ ఈమైగ్రేట్ సైటులో చూసేదాకా రూపాయి ఇవ్వకు.

ఆదివారం వస్తున్నాను. కాగితాలన్నీ తీసి ఉంచు, సోమవారం పొద్దున్నే ఇద్దరం కలిసి పైడిభీమవరం వెళ్దాం.

మావయ్య